లొల్ల లాకులనుండి అంతర్వేదివఱకు

గౌతమి యొకప్రక్కను, వసిష్ఠ యొకప్రక్కను, దక్షిణమున సముద్రమును హద్దులుగా ముక్కోణాకారమున నొప్పు కోనసీమను గూర్చి మన సోదరీమణులు వినియే యుందురు. కొబ్బరితోటలు, అరటితోటలు, పోకచెట్లు, పెరటిలో పనస, వాకిటి కెదురుగా కాలువ, వీని నెందఱో వర్ణించిరి. 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట ముగిసినది, కాలువలు వచ్చినవి, కాలువల వెంట వరియు, వరి వెంట సిరియు వచ్చినవి. 2022 ఏప్రిలు 4వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా ఈ సీమ ప్రత్యేకమైన జిల్లా యైనది. ఇంతమాత్రము చాలును. ఈ సంక్రాంతి సెలవులలో మేము తిరిగినది తోటలు చూచుటకు గాదు. మా యాడపడుచు తాను వాడుచున్న మనోవ్యాధి మందును మానవలెనా, మానరాదా యను ప్రశ్నను వెంటబెట్టుకొని తిరిగితిమి. ఈ ప్రశ్న మన గృహములలో నెన్నింటనో గలదు. గడప దాటి మాత్రము రాదు. ఆమె యనుమతితో, పేరు చెప్పక, వ్రాయుచున్నాము.

ఆమెకు ముప్పదిరెండేండ్లు. ఇద్దఱు బిడ్డల తల్లి. కొత్తపేటకు దాపున నొక గ్రామమున కాపురము. రెండవ కానుపైన పదిదినములలోపల నిద్ర పూర్తిగా పోయినది. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. ఒకటే మాట, ఒకటే పాట. చేతి గాజులు తీసి పాలు పోయు నామె కిచ్చివేసినది. చంటిబిడ్డ భగవంతుని యవతారమని వీధిలో నిలిచి చాటినది. బాలింతకు గాలి సోకినదని మూడుదినములు విభూతి పెట్టిరి. నాలుగవనాడు ఆసుపత్రికి గొనిపోయిరి. నయమైనది, కొన్ని నెలలకు మందు ఆపిరి. రెండేండ్లకు, కానుపు లేదు, జ్వరము లేదు, అదే వ్యాధి మరల వచ్చినది. అది మొదలు ఆఱేండ్లుగా దినమునకు మూడేసి లిథియము మాత్రలు మ్రింగుచున్నది. ఈ యాఱేండ్లలో నొకనాడైనను మతి తప్పలేదు. బిడ్డలను బడికి పంపును, అత్తమామలకు వండిపెట్టును, తోటలో కొబ్బరి దింపు లెక్కలన్నియు తానే వ్రాయును.

మఱి మానుట యెందులకందురా? వ్రేళ్ళు సన్నగా వణకును. ధనుర్మాసమున ఆ వీధిలో నామె ముగ్గునకు సాటి లేకుండెడిది. ఇప్పుడు ఇరువదియొక్క చుక్కల ముగ్గున గీత వంకరపోవుచున్నది. ముగ్గే కదా యని పురుషు లనవచ్చును. తెల్లవాఱుసరికి వీధివారందఱు చూచు తన చేవ్రాలు ముగ్గని మన కెఱుకయే గదా. తీరని దాహమొకటి, ఒళ్ళు వచ్చుట యొకటి. అన్నిటికంటె నెక్కువది దాపఱికము. మాత్రలను పోపులపెట్టె యడుగున మెంతులక్రింద దాచుచున్నది. ఆడపిల్ల యెదుగుచున్నది, తల్లి పిచ్చిమందు వాడునని తెలిసినచో సంబంధములు రావని యత్తవారి భయము. మాత్ర మ్రింగు ప్రతి రాత్రియు "నేనింకను రోగినే" యని తన నోటితో తాను చెప్పికొన్నట్లుండునట. ఇవి యల్పములని మేము తలపము. దీనికి తోడు బంధువులలో నొక పెద్దావిడ, "బాగుపడినచో మందెందులకే? మందు మానిననాడు గదా బాగుపడినట్లు!" అనినది. వినుటకు తర్కము చక్కగానే యున్నది.

కావున మార్గశిరమున నామె మ్రొక్కుకొన్నది. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారముల ప్రదక్షిణములు. ఆ యేడు వారములును చప్పిడి భోజనము. పిదప అంతర్వేదిలో స్నానమాడి మాత్రలను సాగరసంగమమున విడిచిపెట్టుట. భర్తకు చెప్పలేదు. మాకు చెప్పినది. "వదినా, నీవు తోడు రమ్ము. రాకున్న నొంటరిగానైన పోవుదును" అనినది. ఆ యొంటరి మాటయే మాకు భయము కలిగించినది. మేము మానవద్దనలేదు. నడుమ అమలాపురములో తన్ను చూచు వైద్యురాలికి ఈ సంగతి చెప్పవలెనని మాత్ర మంటిమి.

"చెప్పినచో మానవద్దందురు వదినా."

"అన్నను వినుటయో, మానుటయో నీ యిష్టము. చెప్పక మానుట మాత్రము వద్దు."

కొంతసేపు పలుకక, సరే యనినది. మా యత్తగారు కూతురి వెంట తప్పక వచ్చెదననిరి. మా వారికి బడి సెలవులు.

ఏడవ శనివారమునాడు వాడపల్లిలో ఇసుక చల్లినను క్రింద రాలనంత జనము. వారమునకు ఏడు ప్రదక్షిణములచొప్పున ఏడు వారములు తిరుగువారిలో స్త్రీలే యెక్కువ. ఒక్కొక్కరి కొంగున నొక్కొక్క కోరిక ముడివేసి యుండును. తిరిగి వచ్చుచు ఆత్రేయపురమున పూతరేకులు చేయు నొక యింటి యరుగుపై కూర్చుంటిమి. 2023లో ఈ యూరి పూతరేకునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. బోర్లించిన కుండ వీపు క్రింద మంట; పలుచని బియ్యపుజావలో గుడ్డను ముంచి ఒక్క లాగు లాగినచో, కన్నుమూసి తెఱచునంతలో కాగితముకంటె పలుచని రేకు తేలును. చేయి వణకెనా, రేకు చిరుగును. మా యాడపడుచు ఆ చేతివైపు చాలసేపు చూచినది. మా యత్తగారు "లేవవే, ఎండ యెక్కుచున్నది" అనువఱకు కదలలేదు.

లొల్ల లాకులు అచటికి దగ్గఱనే గలవు. ప్రధానమైన కాలువ నీరు ఇచట చీలి కోనసీమ శాఖాకాలువలలోనికి పోవును. నీటి హోరు, గట్టున చల్లని నీడలు. సినిమావారు తఱచు వచ్చు స్థలము. అచట నొక ముసలి లస్కరు మా పిల్లలతో వచ్చిన పెద్దమ్మకు చెప్పినట్లు మా యత్తగారికి లాకు మర్మము చెప్పెను. ఎగువ కాలువ యెత్తు, దిగువ కాలువ పల్లము. పూర్వము పడవలు నడిచిన దినములలో ఎగువనుండి వచ్చిన పడవను రెండు తలుపుల నడుమ గదిలోనికి దింపి వెనుక తలుపు మూసెడివారట. పిదప గదిలోని నీటిని తూములగుండ మెల్లమెల్లగా వదలగా, నీటితోపాటు పడవయు దిగి, దిగువ మట్టమునకు వచ్చిన పిమ్మటనే ముందు తలుపు తెఱచెడివారు. "ఒక్కసారిగా తెఱచినచో?" అని మా యాడపడుచు అడిగెను. ఆయన నవ్వి, "ఏముందమ్మా, పడవా ఉండదు, పడవవాడూ ఉండడు" అనెను. ఆమె మఱేమియు నడుగలేదు.

ఆదివారము కొత్తపేటలో నిలిచి, ప్రక్కనున్న పలివెలలో ఉమాకొప్పేశ్వరుని దర్శించుకొని, సోమవారము అమలాపురము చేరితిమి. పట్టణము పెరిగినది, సందడి పెరిగినది. అంతకుమించి వర్ణింపదగినది మాకు కనబడలేదు. వైద్యురాలు ఆమె మాటను కడవఱకు విన్నది. కోపింపలేదు. "మానవద్దు" అని కూడ ననలేదు. మొట్టమొదట నడిగినది వేఱు: "ఈ రెండు నెలలలో వణకు పెరిగినదా? మీ భోజనములో నేమైన మార్పు కలదా?"

చప్పిడి మాట బయటపడినది. వైద్యురాలి ముఖము మాఱినది. లిథియము కూడ నొక జాతి లవణమేనట. శరీరమున ఉప్పు తగ్గినచో, నీరు తగ్గినచో, మూత్రపిండములు లిథియమును బయటికి పోనీయక నిలుపుకొనును. అప్పుడు మాత్రలు పెంచకయే రక్తములో మందు పెరుగును. మొదట వణకు, ఆపైని వాంతులు, విరేచనములు, తూలుట, మాట తడబాటు, అంతకు మించినచో ప్రాణాపాయము. కటికోపవాసములు, నిర్జలవ్రతములు, ఎండలో తిరిగి నీరు త్రాగకుండుట, ఒళ్ళునొప్పులకు అంగడిలో కొనుకొను కొన్ని మాత్రలు, అన్నియు నింతే. వణకు పోవలెనని పట్టిన వ్రతమే వణకును పెంచుచుండెనన్నమాట! మా యత్తగారు నుదురు కొట్టుకొనిరి. ఈ యొక్క సంగతిని ఈ మందు వాడు ప్రతి గృహిణియు నెఱిగి యుండవలెనని మేమింత విస్తరించితిమి. ఉప్పును తగ్గించుటయు, హెచ్చించుటయు, రెండును చెప్పియే చేయవలెనట.

తరువాత మానుటను గూర్చిన ప్రసంగము. వైద్యురాలు చెప్పినదానిని మాకు తెలిసినంత చెప్పెదము. ఒక్క మాఱు మాత్రము వ్యాధి వచ్చి పోయినవారి లెక్క వేఱు. రెండవసారి కానుపు లేకయే వచ్చినది గనుక ఈమె లెక్క వేఱు. మూడవసారి వచ్చునని రూఢిగా నెవ్వరును చెప్పలేరు, రాదనియు చెప్పలేరు. మానదలచినచో లిథియమును నాలుగు వారములకు తక్కువ గాకుండ, సాధ్యమైనచో మూడు మాసములలో, కొంచెము కొంచెముగా తగ్గించి మానవలెను. ఒక్కనాడు త్రెంచివేసినచో, మొదటి కొన్ని మాసములలోనే ఉన్మాదము తిరుగబడుట మెండు; దిగులు క్రమ్మి ప్రాణము తీసికొను తలంపులు వచ్చుటయు గలదు. మఱియొక మాట మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. మానిన మొదటి వారములలో హాయిగా నుండుట రుజువు కాదట. వణకు పోవును, దాహము పోవును, ఒళ్ళు తేలికయగును; "చూచితిరా, మందు లేకయే బాగుంటిని" అని అందఱును సంతోషించు దినములవి. వ్యాధి వచ్చునదైనచో ఆ సంతోషము వెనుక నెలలకు వచ్చును. అప్పటికి కనిపెట్టువారుండరు. అన్నిటికంటె ముందు పోవునది నిద్ర. రెండు రాత్రులు నిద్ర తగ్గి, అయినను అలసట లేకున్నచో మూడవనాటికై వేచియుండరాదు.

"మానుటకును, ఇట్లే మ్రింగుటకును నడుమ దారి లేదా?" అని మా వారడిగిరి. కలదట. రక్తములో మందెంత యున్నదో చూచి, ఎక్కువయైనచో తగ్గింపవచ్చును. చాలమందికి లీటరునకు 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వఱకు చాలును. రాత్రి మాత్ర మ్రింగిన పండ్రెండు గంటలకు రక్తము తీయవలెను. మందు తగ్గినను వణకు పోకున్నచో, వణకునకే వేఱు మందు గలదు. ఆఱేండ్లుగా నీ వణకును భరించుచు నామె యొక్కసారియు వైద్యురాలితో చెప్పియుండలేదు! అడిగినచో మందు పెంచుదురేమో యని భయమట.

ఇచట కొంచెము ప్రక్కదారి పట్టుదుము. ఉన్మాదము మన పెద్దలకు తెలియనిది గాదు. చరకము దానిని ఐదు విధములుగా విభజించి చికిత్స చెప్పినది. సర్పగంధి వేరు ఉన్మాదమునకు పనిచేయునని 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు అను వంగదేశ వైద్యులు ప్రకటించిరి. లిథియము ఉన్మాదము నణచునని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అను వైద్యుడు కనుగొనెను. మందులన్నియు నొక్కటి కావు, మానుటయు నొక్కరీతిది కాదు. దిగులు వ్యాధికి వాడు మందులను గూర్చి ఇంగ్లండులో 2021లో వెలువడిన పరిశోధన యొకటి గలదు. చిరకాలము మందు వాడి, నెమ్మదిపడి, మానుటకు సిద్ధపడిన 478 మందిని రెండు తెగలుగా చేసి, తమది యే తెగయో వారికి తెలియనీయక, ఒక తెగవారికి మందు కొనసాగించి, రెండవ తెగవారికి క్రమముగా తీసివేసిరి. 52 వారములలో మానినవారిలో నూటికి 56 మందికి దిగులు తిరిగి వచ్చెను. మాననివారిలోను 39 మందికి వచ్చెను. మేము ఈ లెక్కను రెండువైపుల చదివితిమి. మానినవారిలో 44 మంది బాగుగనే యుండిరి. మందు వాడినంతమాత్రమున కోటలో నున్నట్లును కాదు. ఆ మందులను తటాలున మానినచో కొలది దినములలోనే తల తిరుగుట, కడుపులో త్రిప్పుట, ఒంటిలో విద్యుత్తు జల్లుమనినట్లుండుట, విసుగు కలుగును. అది వ్యాధి తిరుగబడుట యని భయపడువారు గలరు, కాని పెక్కుసారులు అది మందు విడుచునప్పటి బాధ మాత్రమే. నిద్రమాత్రలు కొన్నింటిని చిరకాలము వాడి ఒక్కసారి మానినచో మూర్ఛలు కూడ వచ్చును. గర్భము ధరింపగోరు స్త్రీలు మఱింత ముందుగా అడుగవలెను: వాల్‌ప్రొయేటు అను మందు గర్భస్థశిశువునకు హాని చేయును, అట్లని వైద్యునకు తెలియకుండ దానిని పాఱవేయుటయు హానియే.

వైద్యురాలు తుదకు చట్టము మాట చెప్పెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. రోగము గలదను నెపమున ఆమె మాట చెల్లదనుటకు వీలులేదు; తెలిసి నిర్ణయించుకొనగల స్థితిలో నున్నంతవఱకు నిర్ణయ మామెదే. రేపు మతి తప్పినచో నెట్టి చికిత్స కావలెనో, ఎట్టిది కూడదో, తన పక్షమున నెవరు మాటాడవలెనో నేడే వ్రాసి యుంచవచ్చును. "మా వదినె పేరు వ్రాయుదును" అని మా యాడపడుచు వెంటనే యనినది. వైద్యురాలు దొరకని వేళ నడుగుటకు 14416 అను టెలిమానస్ సంఖ్యను కూడ వ్రాసికొంటిమి. అది 2022 అక్టోబరునుండి పనిచేయుచున్నది, తెలుగున మాటాడుదురు. రక్తమిచ్చి బయటికి వచ్చితిమి. బజారులో మా యత్తగారు "ఇప్పుడే వచ్చెద" నని ఒక వెండికొట్టులోనికి పోయి వచ్చిరి. ఏమి కొనిరో చెప్పలేదు.

మంగళవారము అంబాజీపేటమీదుగా పయనము. కొబ్బరి వర్తకమునకు పేరువడిన యూరు. 1996 నవంబరు 6వ తేదీనాటి గాలివాన కథ మా యత్తగారు దారి పొడుగున చెప్పిరి; ఒక్క రాత్రిలో తోటలు నేలమట్టమైనవి, నాటిన మొక్క కాపునకు వచ్చుట కేండ్లు పట్టినవి. గన్నవరము చేరినపుడు వైనతేయ నదిమీదుగా కాలువ ప్రవహించు అక్విడక్టును దాటితిమి. క్రింద నది, పైని కాలువ. 1850 ప్రాంతములనాటి పాతది శిథిలమైనందున క్రొత్తది కట్టి, 2000లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 1909లో పరమపదించిన ఆ యన్నదాత ఈ లంకల గన్నవరపు కోడలే. ఆకలి యన్నవారిని కులము, వేళ యడుగక వడ్డించిన యామె పేరు నీటి వంతెనకు పెట్టుట మాకు నచ్చినది. ఆనాటి ప్రయాణములో మా యాడపడుచు నోరు విప్పి నవ్వినది అచటనే.

రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి దాటగా అంతర్వేది. వసిష్ఠ సముద్రమున గలియు చోటు. 2020 సెప్టెంబరులో నిచటి స్వామి రథము దగ్ధమైనది. మఱుసటి యేటి కల్యాణమునకు క్రొత్త రథము వచ్చినది. దానిని చూచి, లక్ష్మీనరసింహుని దర్శించి, అశ్వారూఢాంబిక గుడికి పోతిమి. జనులామెను గుఱ్ఱాలక్క యందురు. స్థలపురాణమును మా వారు చెప్పిరి. రక్తావలోచనుడను రాక్షసుని నెత్తురు ఎన్ని బొట్లు నేల బడినచో నంతమంది రాక్షసులు పుట్టుదురట. స్వామి చక్రము వేయగా, మాయాశక్తి తన నాలుకను నేలయంతట చాచి ఒక్క బొట్టును క్రింద పడనీయలేదట. ఆ శక్తియే అశ్వారూఢాంబిక.

"నా మాత్ర కూడ అట్లే నాలుక చాచి యున్నది కాబోలు" అని మా యాడపడుచు నవ్వెను. మా యత్తగారు దేవుని కథతో పరాచికములేమని కసరిరి. కొంతదూరము నడిచిన పిదప ఆమె మెల్లగా మాతో, "కాని వదినా, ఎంతకాలమని చాచి యుండును?" అనినది. దీనికి మా వద్ద ప్రత్యుత్తరము లేకుండెను. ఇప్పుడును లేదు.

అన్నాచెల్లెలి గట్టున నిలిచితిమి. ఒకవైపు నది నీరు, ఒకవైపు సముద్రము; ఇసుకతిన్నె యొకటి నడుమ. స్నానములైనవి. ఆమె తడిబట్టలతోనే సంచిలోని మాత్రల పొట్లము తీసినది. మేమెవ్వరము పలుకలేదు. వలదని చేయి పట్టుకొనుట సులభమే. కాని ఈ యాఱేండ్లలో నామె చేతిని పట్టినవారే గాని, ఆమె యేమి చేయునో చూడ నిలిచినవా రెవరు? అలలు వచ్చి పాదములక్రింది ఇసుకను లాగికొని పోవుచుండెను. కొంతసేపటికి పొట్లమును మరల సంచిలో నుంచినది.

"మాననని యనుట లేదు. ఈ నీటిలో మానను. మానవలెనని తోచినచో వైద్యురాలితో చెప్పి, ఇంట నందఱికి చెప్పి, లాకులో పడవవలె దిగెదను" అనినది.

"మఱి మ్రొక్కు?" అని మా యత్తగారికి దిగులు. ఆ ప్రశ్నకు జవాబు వారి కొంగుననే యుండెను. ముడి విప్పి అమలాపురమున కొన్న వెండి చేతిని తీసిరి; బొటనవ్రేలంత గలదు, ఐదు వ్రేళ్ళును చక్కగా నిలిచి యున్నవి. తల్లీకూతుండ్రు కలిసి దానిని స్వామి హుండీలో వేసిరి. ఆ పూట సత్రమున ఆమె ఏడు వారములపిదప ఉప్పువేసిన పప్పును కలుపుకొన్నది.

రాజోలు బస్సులో నుండగా వైద్యురాలినుండి ఫోను వచ్చినది. రక్తమున మందు 1.1 ఉన్నదట. మామూలు భోజనము చేయుచు పదిదినములకు మరల చూపింపవలెననెను. అట్లే చూపింపగా 0.8కి వచ్చినది. వణకు కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. మూడు మాత్రలకు బదులు రెండున్నర వాడి చూడుమనిరి. ఆ రాత్రియే భర్తతో అంతయు చెప్పినది. అతడు కోపించునని యామె యనుకొన్నది. కోపించెను కూడ, మాత్రల విషయమున గాదు, ఏడు వారములు తనకు తెలియకుండ తిరిగినందులకు. పోపులపెట్టెలోని పొట్లము ఇప్పుడు వంటయింటి గూటిలో నీళ్ళ చెంబు ప్రక్కన నున్నది. అత్తగారింకను సంబంధముల మాట యెత్తుచునే యున్నారు.

ఉగాదికి మరల రక్తపరీక్ష. మందు ఇంకను తగ్గించుటయో, నిలుపుటయో అప్పుడు తేల్చుకొందురు. అంతవఱకు ఏ రాత్రి యెన్ని గంటలు నిద్రించినదో నోటుపుస్తకమున వ్రాయుచున్నది. శనివారము శనివారము మాకు ఫోనులో చదివి వినిపించును.